పిన్ని ‘మనం’లో ఎంతమంది

మా పిన్ని కొత్త బట్టలు కుట్టదు. ఎవరో కుట్టినవాటిని సరిచేస్తుంది. బిగుతైతే వదులు చేస్తుంది, వదులైతే బిగిస్తుంది, పొడుగైతే మడిచి కుడుతుంది. ఇంటి కింది గదే షాపు. అందులో ఒక తొక్కుడు మిషను, ఒక నిలువుటద్దం, తెర కట్టిన ఓ మూల, గోడకి ఒక మేకు. మేకు టేపు కోసం. కానీ ఆ టేపు మేకుకి వేలాడుతుండగా నేను చూసింది తక్కువ. అది ఎప్పుడూ పిన్ని మెడలోనే ఉంటుంది.

ఆ షాపుకి వచ్చేవాళ్ళలో చాలామందిది ఒకటే బాధ. పోయినేడు పట్టిన బట్ట ఈ ఏడు పట్టదు. ఆ మాట ఒప్పుకునే మనిషి మాత్రం ఇంతవరకు ఆ గుమ్మం తొక్కలేదు. "ఉతికితే కుంచించుకుపోయిందండీ" అని నేరం గుడ్డ మీదకి తోసేసి నిలబడతారు. పిన్ని వాళ్ళని తెరచాటుకి పంపుతుంది. తొడుక్కుని వచ్చాక వెనక్కి తిప్పి, నడుం దగ్గర రెండు వేళ్ళు దూర్చి చూసి, పక్కన కూర్చున్నవాళ్ళకి వినపడకుండా మెల్లగా అంటుంది.

"మనం కాస్త ఒళ్ళు చేశామమ్మా. ఏం ఫరవాలేదు, లోపల గుడ్డ ఉంది. వదులు చేద్దాం."

ఎవరండీ ఒళ్ళు చేసింది? పిన్నిని చూస్తే, గాలికి కొట్టుకుపోకుండా మెడలో ఆ టేపే పట్టి ఆపుతోందేమో అనిపిస్తుంది. అంత సన్నటి మనిషి. అయినా వచ్చినవాళ్ళ లావులో సగం తన నెత్తిన వేసుకుంటుంది. దాంతో వాళ్ళకి ఒంటరిగా లావైనట్టు ఉండదు, ఓ తోడు దొరికినట్టు ఉంటుంది. అందుకే అవతలి వీధిలో ఏసీ ఉన్న షాపు పెట్టినా జనం ఇక్కడికే వస్తారు. వీధిలో దాన్ని ‘మనం షాపు’ అంటారు. మా చుట్టాల్లో ఆవిణ్ణి మనంపిన్ని అంటాం, ఆవిడ వినకుండా.

షాపులో ఆ మాట బాగానే ఉండేది. చిక్కేమిటంటే, అది అక్కడ ఉండకుండా మెట్లెక్కి ఇంట్లోకి వచ్చేసింది.

"మనకి తలనొప్పిగా ఉందండీ" అనేది పిన్ని.

"నాకేం లేదే" అని బాబాయి తన తల తడుముకునేవాడు.

"మనకి కాస్త టీ పడితే బాగుండు" అంటే, "నిజమే, బాగుంటుంది" అని బాబాయి కాళ్ళు చాపుకునేవాడు. "నాకు చక్కెర తగ్గించు" అని పక్కగదిలోంచి అత్తయ్య అరిచేది. పిన్ని లేచి అందరికీ పెట్టి, గిన్నెలో ఏం మిగిలితే అది తాగేది. "మనం కాసేపు నడుం వాలుద్దామా" అంటే బాబాయి వెంటనే వాల్చేసేవాడు. ఆయనకి దుప్పటి కప్పి పిన్ని కిందికి దిగి మిషను ముందు కూర్చునేది.

పిన్నికి ఏదైనా కావాలంటే అది ముందు అందరికీ కావలసింది అయిపోయేది. అందరికీ కావలసింది చేసిపెట్టే మనిషి ఆ ఇంట్లో ఒక్కతే. అలా ఆవిడ కోరిక ఓ చుట్టు చుట్టి ఆవిడకే పనిగా తిరిగొచ్చేది. మరి ‘నేను’ అనొచ్చు కదా, పోనీ ‘మేము’ అనొచ్చు కదా అని ఓసారి అడిగాను. ‘మేము’ అంటే ఎదుటి మనిషిని గుమ్మం బయట నిలబెట్టినట్టు ఉంటుందట. ‘నేను’ అంటే తనొక్కతే లోపలికి పోయి తలుపేసుకున్నట్టు ఉంటుందట. "అదేం మర్యాదరా" అంది.

ఇక్కడ మిగతా ఇద్దరి గురించీ చెప్పాలి. బాబాయి సిటీ బస్సులో కండక్టరుగా చేసి ఇంట్లో కూర్చున్నాడు. బస్సు దిగినా ఆయన నోట్లోంచి బస్సు దిగలేదు. పెళ్ళిలో భోజనాల వరసలో కూడా "ముందుకి జరగండి, లోపల ఖాళీ ఉంది" అంటాడు. అత్తయ్య ఆయనకి అక్క, పిన్నికి వదిన, వాళ్ళతోనే ఉంటుంది. దేనికైనా ముందు వద్దంటుంది. ఆ తరువాత అందరికంటే ముందు తయారై చెప్పులేసుకుని గుమ్మంలో కూర్చుంటుంది.

పిన్ని కాళ్ళ గురించి కూడా ఓ మాట. ఇన్నేళ్ళు మిషను తొక్కితొక్కి అవి ఆగడం మరిచిపోయాయి. టీ తాగుతున్నా, ఫోన్ మాట్లాడుతున్నా పాదాలు ముందుకీ వెనక్కీ ఊగుతూనే ఉంటాయి. నిద్రలోనూ అంతే. "మీ పిన్ని రాత్రంతా నన్ను కుట్టేసిందిరా" అని బాబాయి నాతో ఎప్పుడూ వాపోయేవాడు.

ఒక సాయంత్రం నేను ప్యాంటు వదులు చేయించుకోవడానికి వెళ్ళి షాపులో కూర్చున్నాను. నాది ఆ షాపుతో విడదీయరాని అనుబంధం. ఏటా పెరుగుతుంది. ఆ సమయంలో స్విమ్మింగ్ పూల్లో ఈత నేర్పే కోచ్ వచ్చింది, భుజం పట్టీలు సాగిపోయిన ఈత డ్రస్సులు ఓ సంచీ నిండా పట్టుకుని. తలుపంత భుజాలున్న అమ్మాయి. పూల్లో అరిచి అరిచి ఆమెకి మెల్లగా మాట్లాడడం పోయింది. మన పక్కనే నిలబడి అవతలి గట్టు మీదున్నవాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడుతుంది.

"ఆంటీ, మిషను ఆపేశారు కదా, ఆ కాళ్ళెందుకు ఆడుతున్నాయి?" అంది.

"అలవాటమ్మా. మిషను ఆగినా మనం ఆగం."

"ఓసారి నీళ్ళలో దిగండి. అవే ఆగుతాయి. నీళ్ళలో కాళ్ళకి బరువుండదు. అసలు కాళ్ళున్నాయనే తెలీదు."

పిన్ని చేతిలో సూది గుడ్డలో సగం దూరి ఆగింది. "కాళ్ళున్నాయనే తెలీదా?"

"ఒట్టు."

పిన్ని కిందికి చూసుకుంది. పాదాలు వాటి మానాన అవి ఊగుతున్నాయి. "ఈ వయసులో వస్తుందంటావా?"

"మీరే చెప్పండి. ఈ బట్ట ఇంకా వదులవుతుందా అని ఎవరైనా అడిగితే ఏమంటారు?"

"కుట్టు విప్పితేగానీ చెప్పలేం. లోపల గుడ్డ ఉందో లేదో పైకి తెలీదు."

"మరి విప్పి చూడండి."

ఆ మాట ఆ గొంతుతో వీధి చివరిదాకా వెళ్ళింది. అటుగా పోతున్న పెద్దమనిషి ఒకాయన ఆగి మరీ షాపులోకి చూశాడు. నేను టేపు మీది అంకెలు చదువుతున్నట్టు నటించాను.

ఆ రాత్రి భోజనానికి నన్ను ఉండమన్నారు. పిన్ని వడ్డిస్తూ వడ్డిస్తూ, గరిట గిన్నెలో పెట్టేసి, ఎప్పుడూ లేనిది కాస్త గట్టిగా అంది.

"మనం ఈత నేర్చుకుందామనుకుంటున్నాం."

బాబాయి తినడం ఆపాడు. "ఈతా?"

"ఊఁ."

"మనమా?"

"ఊఁ. మనమే."

బాబాయి గ్లాసెత్తి నీళ్ళు తాగాడు. దించాక, అడుగున మిగిలిన నీళ్ళకేసి కాసేపు చూశాడు. "సరే. నువ్వెప్పుడు ఏం అడిగావు గనక. వెళ్దాం" అన్నాడు.

"నేను రాను. నీళ్ళకీ నాకూ పడదు" అంది అత్తయ్య. ఓ ముద్ద తిన్నాక, "ఏ రోజు?" అంది.

"నువ్వు కూడా రారా, తోడుగా ఉంటావు" అని బాబాయి నన్ను కలిపేశాడు.

పిన్ని ఏదో అనబోయింది. నోరు తెరిచింది కూడా. అందరూ ఆవిడకేసే చూస్తున్నారు, సంతోషపెడుతున్నాం కదా అన్నట్టు. పిన్ని నోరు మూసి, నా నడుంకేసి తన వృత్తి చూపు ఒకటి చూసి, "అయితే నీకు కొలత తియ్యాలి" అంది.

మా ఆవిడ మాత్రం ఇంటికొచ్చి చెప్పగానే, "మీ పిన్నిగారి మనంలో నేను లేను, మీరు వెళ్ళిరండి" అని చల్లగా తప్పించుకుంది. ఆ మాటలో ఎంత తెలివుందో నాకు అప్పుడు తెలీలేదు.

ఈత బట్టలన్నీ పిన్నే కుట్టింది. ఆవిడ కొత్త బట్టలు కుట్టడం అదే మొదలు. సాగే గుడ్డ ఓ చుట్ట కోచ్ తెచ్చి ఇచ్చింది. బాబాయి జేబు లేనిదే ఎక్కడికీ రానన్నాడు, ఆయన చెడ్డీకి జేబు పెట్టింది. అత్తయ్య మెడ నుంచి మడమ దాకా మూసేయమంది, మూసేసింది. నాకు నడుం దగ్గర ఎలాస్టిక్ వేస్తూ, "మనం ఇంకా ఒళ్ళు చేసినా ఇబ్బంది లేకుండా" అని కాస్త ఎక్కువే వదిలింది. అందరివీ అయ్యాక మిగిలిన ముదురు నీలం గుడ్డతో తనది కుట్టుకుంది. పక్కన నిలువునా ఒక పసుప్పచ్చ గీత వేసుకుంది. మా ఎవరి బట్టలకీ ఆ గీత లేదు.

పూల్ అంటే నేను చూసిన సినిమాల్లో నీలం నీళ్ళు, తెల్లకుర్చీలు. ఇది నాలుగు గోడల మధ్య ఎత్తయిన రేకుల కప్పు కింద ఉంది. లోపలికి అడుగు పెట్టగానే నీళ్ళలో కలిపే మందు వాసన ముక్కులో గుచ్చుతుంది. ఇక్కడ దగ్గితే అక్కడ వినపడుతుంది. నీళ్ళలో దిగేముందు షవరు కింద తడవాలి, తలకి రబ్బరు టోపీ పెట్టాలి. ఆ టోపీలో బాబాయి పొట్టు తీసిన ఉడికిన గుడ్డులా ఉన్నాడు. నన్ను నేను అద్దంలో చూసుకోలేదు. చూసినవాళ్ళు నవ్వు ఆపుకోవడం మాత్రం చూశాను.

మెట్లు దిగి నడుం లోతుకి వెళ్ళానో లేదో, పిన్ని ముందుచూపుతో వదిలిన వదులులోకి గాలి దూరి, చెడ్డీ బూరెలా పొంగి పైకి లేచింది. నేను రెండు చేతులతో దాన్ని కిందికి తొక్కుతుంటే పక్కన పిల్లలు వరసగా నిలబడి చూశారు. నాకంటే ముందు నా చెడ్డీ ఈత నేర్చుకుంది.

బాబాయి కమ్మీ రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, మెట్టు మెట్టూ దిగాడు. నిలదొక్కుకోగానే చుట్టూ ఉన్న పిల్లలతో "ముందుకి జరగండి, లోపల ఖాళీ ఉంది" అన్నాడు. పిల్లలు నిజంగానే జరిగారు. ఆ తరువాత గుర్తొచ్చింది ఆయనకి, జేబులో కళ్ళజోడు, దువ్వెన, ఇంటి తాళంచెవి ఉన్నాయని.

"ఏమే, ఇవి పట్టుకో."

పిన్ని అప్పుడే సంచీ తీసుకుని బట్టలు మార్చుకునే గదికేసి నడుస్తోంది. వెనక్కి వచ్చి పట్టుకుంది. మళ్ళీ బయల్దేరితే అత్తయ్య పిలిచింది. అత్తయ్య మొదటి మెట్టు మీద మడమల లోతు నీళ్ళలో నిలబడి, గట్టు మీదున్న పిన్ని చెయ్యి పట్టుకుంది. "అమ్మాయ్, నా చెయ్యి వదిలావంటే చూడు."

"వదలం వదినా. మనం ఉన్నాంగా."

ఆ చెయ్యి వదిలేసరికి మా గంట అయిపోయింది.

తరువాతి వారమూ అదే. ఆ పై వారమూ అదే. ఒకరి తువ్వాలు, ఒకరి చెప్పులు, ఒకరి కళ్ళజోడు. నేను ముక్కు మూసుకుని మునగడం నేర్చుకున్నాను. బాబాయి చెక్కబల్లలాంటి దాన్ని పట్టుకుని, మొహం అంతా ముడుచుకుని, కాసేపు తేలడం దాకా వచ్చాడు. అత్తయ్య మోకాళ్ళ దాకా వచ్చింది. ఈత నేర్చుకుందామన్న మనిషి తప్ప అందరం తడిశాం. ఏ పలక మీద కాలు జారుతుందో, ఏ కొక్కేనికి తువ్వాలు నిలుస్తుందో, అదొక్కటే పిన్ని నేర్చుకుంది. ఒక్కోసారి మా గొడవ లేనప్పుడు నీళ్ళకేసి అలా చూస్తూ ఉండిపోయేది. గట్టు మీద నిలబడ్డ ఆ పాదాలు మాత్రం మడమలెత్తుతూ దించుతూ ఊగుతూనే ఉండేవి.

ఓ రోజు పూల్ నుంచి వాళ్ళింటికే వెళ్ళాను. పిన్ని పెరట్లో కుళాయి కింద మా ఈత బట్టలు జాడిస్తోంది. ఆఖరికి సంచీలోంచి పొడిగా, మడత నలగకుండా ఉన్న తన డ్రస్సు తీసి, దాన్నీ నీళ్ళ కింద పెట్టింది.

"అది తడవలేదు కదా పిన్నీ" అన్నాను.

"అన్నిటితో పాటు జాడించేస్తే పోతుందిలే" అని, పిండి, మా అందరి బట్టల మధ్యా తీగ మీద ఆరేసింది. పసుప్పచ్చ గీత మీంచి నీళ్ళు బొట్టుబొట్టుగా కారాయి. పక్కింటి మేడ మీంచి చూసేవాళ్ళకి అందరం ఈదివచ్చినట్టే ఉంటుంది.

అలా ఉండగా కోచ్ ఓ రోజు గట్టు మీదకి వచ్చి నిలబడింది. "మీ సాయంత్రం బ్యాచ్ ఈ వారంతో ఆఖరు. ఈ టైము స్కూలు పిల్లలకి ఇచ్చేస్తున్నారు. పొద్దున పెద్దవాళ్ళ బ్యాచ్‌లో ఒక్కటే చోటు ఉంది. మీ ఇంటికిద్దామని ఆపాను. ఎవరికి?" అని పిన్నికేసి చూసింది. చూసి, ఎదురుచూసింది.

"మనకే అమ్మా" అంది పిన్ని.

"మనకి అంటే?"

"అదే. మనకి."

కోచ్ మా నలుగురి మొహాలూ వరసగా చూసింది. పిన్ని పెదాలు కదిలాయి, మాట రాలేదు. అప్పుడు నీళ్ళలోంచి, కమ్మీ వదలకుండానే, బాబాయి ఒక చెయ్యి పైకెత్తాడు.

"నాకు పెట్టండి."

కోచ్ మళ్ళీ పిన్నికేసి చూసింది. "ఏం ఆంటీ?"

"ఆయన బాగా తేలుతున్నారు" అంది పిన్ని. చేతిలో తువ్వాలు మడిచింది. మడిచిన తువ్వాలునే విప్పి మళ్ళీ మడిచింది.

మర్నాడు ప్యాంటు పట్టుకుని షాపుకి వెళ్ళాను. సరిగ్గా చెప్పాలంటే, ప్యాంటు వంకన వెళ్ళాను. ఆ తువ్వాలు మడతలు నా కళ్ళలోంచి పోలేదు. షాపులో ఇంకెవరూ లేరు. నన్ను అద్దం ముందు నిలబెట్టి, పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని, పిన్ని నా నడుం చుట్టూ ఒక్కోటీ గుచ్చుతోంది.

"మనం కాస్త..." అని మొదలుపెట్టింది, సూదుల మధ్యనుంచి.

"మనం అంటే ఎవరు పిన్నీ?"

"అదేమిట్రా?"

"నువ్వు లావయ్యావా?"

"లేదు."

"మరెవరు?"

"అలా అనకూడదురా. మనిషి చిన్నబుచ్చుకుంటాడు."

"నేను చిన్నబుచ్చుకోను. అను చూద్దాం."

పిన్ని నోట్లోంచి సూదులు తీసి, వాటి కోసం ఉంచిన చిన్న దిండుకి గుచ్చింది. తలుపుకేసి ఓసారి చూసింది, ఎవరైనా వింటారేమోనని. "నువ్వు లావయ్యావు" అంది, గొణుగుతూ.

"అంతే. దానికింత..."

"బాగా లావయ్యావు. పోయినసారే చెప్దామనుకున్నా. నువ్వు వంగితే కుట్లు ఏడుస్తున్నాయి. వెనక గుడ్డంతా అయిపోయింది, ఇంక వదలడానికేం లేదు. కొత్తది కొనుక్కో. కొనేటప్పుడు పొట్ట లోపలికి పీల్చకు, షాపువాడు మోసపోయినా ప్యాంటు మోసపోదు."

నేను చెంచాడు అడిగితే ఆవిడ బిందె కుమ్మరించింది. చిన్నబుచ్చుకోనన్న నా మొహం అద్దంలో నాకు కనబడుతూనే ఉంది. పిన్ని కూడా చూసింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. భుజాలు కదిలిపోయేంత నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఆగిపోయింది.

"ఇంకా ఏమైనా ఉందా?" అన్నాను, బిక్కమొహంతో.

"ఉంది. నాకు..." అని ఆగింది. ఆ మాట ఆవిడకి కొత్త చెప్పులా కరుస్తున్నట్టుంది. "నాకు కోపంగా ఉందిరా."

"ఎవరి మీద?"

"మన..." నాలుక కరుచుకుంది. "మీ మీద. మీ అందరి మీద. మీరంతా తడిశారు. నేను తువ్వాళ్ళు పట్టుకున్నాను. ఆ ఉన్న ఒక్క చోటూ ఆయనకి వెళ్ళిపోయింది. వెళ్ళనిచ్చింది కూడా నేనే. నా మీద కూడా కోపంగా ఉంది."

అని, మెడలోంచి టేపు తీసి మేకుకి తగిలించి, మెట్లెక్కింది. నేను వెనకాల పరిగెత్తాను. ఒక్కో మెట్టుకీ నడుంలో ఒక్కో గుండుసూది గుచ్చుకుంది. ప్యాంటు విప్పివచ్చే సమయం కాదది.

పైన బాబాయి నీళ్ళు నింపిన పెద్ద గిన్నె ముందు కూర్చుని ఉన్నాడు. పొద్దున బ్యాచ్ కోసం నీళ్ళలో మొహం పెట్టి బుడగలు వదలడం సాధన చేస్తున్నాడట. అత్తయ్య పక్కన నిలబడి, "ఇంకాసేపు ఉంచరా, ఏం కాదు" అని తల వెనక తడుతోంది. బాబాయి తల ఎత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ముక్కు చివర నీటిబొట్టు ఉంది.

"ఏమండీ."

"ఊఁ."

"ఈత నేను నేర్చుకుంటాను."

"అదేగా. మనం..."

"మనం కాదు. నేను. ఆ చోటు నాకు కావాలి."

బాబాయి పిన్నికేసి చూశాడు, కొత్త స్టాపులో బస్సు ఎక్కిన మనిషిని చూసినట్టు.

"మరి నేనో?"

"మీరు ఇంట్లో ఉండండి."

నేను గుమ్మం పట్టుకున్నాను. ఆ ఇంట్లో అలాంటి మాట నేనెప్పుడూ వినలేదు. అత్తయ్య చెయ్యి బాబాయి తల మీద అలాగే ఉండిపోయింది. బాబాయి తువ్వాలు తీసుకుని మెల్లగా మొహం తుడుచుకున్నాడు. చెవులు తుడుచుకున్నాడు. అప్పుడన్నాడు.

"ఇంట్లో ఉండొచ్చా?"

"ఊఁ."

"నిజంగా? మళ్ళీ మాట మారిస్తే ఊరుకోను."

పిన్నికి అర్థం కాలేదు.

"ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని దిగుతున్నానే మొదటి రోజు నుంచీ" అన్నాడు బాబాయి. "నీళ్ళంటే నాకు చచ్చేంత భయం. ఎప్పుడూ నోరు తెరిచి ఇది కావాలని అడగని దానివి, మనం నేర్చుకుందాం అంటివి. కాదని ఎలా అంటాను?"

"మరి ఆ చోటుకి చెయ్యెందుకెత్తారు?"

"ఆ అమ్మాయి ‘ఎవరికి’ అంటే నువ్వు ‘మనకి’ అంటావు. ఎవరూ నోరెత్తరు. చోటు పోతే నీ కోరిక పోతుంది కదా. మనలో ఒకడు నేర్చుకుంటే మనం నేర్చుకున్నట్టే అనుకుని ఎత్తాను. ఎత్తినప్పటి నుంచీ ఈ గిన్నెలోనే మునుగుతున్నాను."

"నేను రానని మొదటే చెప్పానా లేదా?" అంది అత్తయ్య. "మీ ఇద్దరూ సరదా పడుతున్నారు కదా అని వారం వారం కాళ్ళు నానబెట్టుకున్నాను."

పిన్ని కుర్చీలో కూర్చుండిపోయింది. నవ్వాలో ఏడవాలో తెలీని మొహం అంటారు చూడండి, అది. తరువాత ముగ్గురూ కలిసి నాకేసి తిరిగారు.

"నువ్వెందుకొచ్చావురా?" అన్నాడు బాబాయి.

నిజానికి నాకు ఈత నచ్చింది. ఆ ఇంట్లోంచి పూల్‌కి వెళ్ళినవాళ్ళలో సుఖపడ్డది నేనొక్కణ్ణే. ఆ మాట అక్కడ అనడానికి సందు దొరకలేదు, పైగా సూదులు గుచ్చుకుంటున్నాయి.

బాబాయి లేచాడు. గిన్నె ఎత్తి, నీళ్ళన్నీ సింకులో పారబోసి, బస్సు చివరిదాకా వినపడే ఆ పాత గొంతుతో, "ఒక్కరికే చోటుంది. మిగతావాళ్ళు దిగాలి" అన్నాడు.

పొద్దున బ్యాచ్‌కి పిన్నిని బస్సెక్కించడానికి బాబాయీ అత్తయ్యా స్టాపు దాకా వచ్చారు. దారిలో తోడుకని నన్ను తీసుకెళ్ళి, పూల్ గేటు దగ్గర సంచీ నా చేతిలోంచి లాక్కుని, "నువ్విక్కడే ఉండు. లోపలికి రాకు" అంది. నేను బుద్ధిగా తలూపి, ఆవిడ లోపలికి వెళ్ళగానే పక్క వరండాలోకి వెళ్ళాను. అక్కడ అద్దాల కిటికీ ఉంది. అందులోంచి నీళ్ళు కనబడతాయి. పైన వెంటిలేటరు తెరిచి ఉంటుంది కాబట్టి కోచ్ గొంతు ఎలాగూ వినపడుతుంది.

"మీరొచ్చారేంటి ఆంటీ, అంకుల్ కదా రావాలి?"

పిన్ని ఏమందో వినపడలేదు. ఒకటే మాట అంది, పెదాలు కదిలింది అంతసేపే. కోచ్ మొహం విచ్చుకుంది.

ముదురు నీలం డ్రస్సులో, పక్కన పసుప్పచ్చ గీతతో పిన్ని మెట్లు దిగింది. చేతిలో ఏమీ లేదు. అదే నాకు వింతగా అనిపించింది. తువ్వాలు లేదు, చెప్పులు లేవు, మరొకరి చెయ్యి లేదు. నీళ్ళు మోకాళ్ళ దాకా, నడుం దాకా, భుజాల దాకా వచ్చాయి. కోచ్ వీపు కింద ఒక చెయ్యి పెట్టి వెల్లకిలా పడుకోబెట్టింది. అంతే, పిన్ని కాళ్ళు మొదలుపెట్టాయి. ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ, అర్జంటు బట్ట కుడుతున్నట్టు.

"ఆంటీ, నీళ్ళని కుట్టకండి. తన్నండి."

తన్నబోయి మునిగింది. లేచి దగ్గింది. కళ్ళు తుడుచుకుని గట్టుకేసి చూసింది, అలవాటు చొప్పున, ఎవరైనా పిలుస్తున్నారేమోనని. ఎవరూ లేరు. మళ్ళీ పడుకుంది. మళ్ళీ మునిగింది. ఆ తరువాత ఒకసారి పడుకున్నప్పుడు కోచ్ చెయ్యి నీళ్ళలోంచి పైకి వచ్చింది, రెండోదీ వచ్చింది, పిన్ని మాత్రం అక్కడే ఉంది. చేతులు చాపి, కప్పుకేసి చూస్తూ.

నేను కాళ్ళకేసి చూశాను. ఆగి ఉన్నాయి.

టీ తాగుతున్నా ఆగని కాళ్ళు, నిద్రలో ఆగని కాళ్ళు, ఎవరివో అన్నట్టు నీళ్ళ మీద ఊరికే పడి ఉన్నాయి. నా ఊపిరికి అద్దం మసకబారితే చొక్కాతో తుడిచి మళ్ళీ చూశాను.

పిన్ని బయటికి వచ్చేసరికి గేటు దగ్గరే నిలబడి ఉన్నాను, అమాయకంగా. తడిజుట్టు ముడి వేసుకుని, కళ్ళు ఎర్రగా చేసుకుని వచ్చింది.

"చొక్కా ఎందుకురా అంత నలిగింది? అద్దం తుడిచావా?" అంది.

ఆవిడ దగ్గర గుడ్డ అబద్ధం చెప్పలేదు. నేను తల దించుకున్నాను. ఆవిడ తిట్టలేదు.

"ఆకలేస్తోంది" అంది.

"ఎవరికి?"

"నాకు. నువ్వు లావయ్యావు, నీకు వద్దు."

మూల మీద బేకరీలో ఒక బన్ను కొనుక్కుని, బస్సు స్టాపులో బెంచీ మీద కూర్చుని, నిదానంగా తింది. ఆఖర్లో నాకేసి చూసి ఓ చిన్న మూల తుంచి ఇచ్చింది. దాన్ని బన్ను అనడానికి లేదు.

ఇదంతా జరిగి చాలాకాలమైంది. షాపులో పిన్ని ఇప్పటికీ "మనం కాస్త ఒళ్ళు చేశామమ్మా" అనే అంటుంది, అదే మెల్లటి గొంతుతో. ఆ తోడు వాళ్ళకి కావాలి అంటుంది. నా దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘నువ్వు’ అంటుంది, గొంతు కూడా తగ్గించదు. ఇంట్లో పాత మాట అప్పుడప్పుడు జారుతూనే ఉంటుంది. "మనకి టీ కావాలి" అంటే బాబాయి లేచి నిలబడి, "మనకి అంటే ఎవరికి? ఒకరికా, ఇద్దరికా, బస్సు మొత్తానికా?" అని అడిగి మరీ పెడతాడు. పిన్ని టీలో చక్కెర ఎంత వెయ్యాలో ఆయనకి ఈ మధ్యే తెలిసింది. ఇన్నేళ్ళూ అడగలేదని కాస్త సిగ్గుపడుతుంటాడు.

మొన్న కనబడినప్పుడు బాబాయి నన్ను పక్కకి పిలిచి, నడుం రాసుకుంటూ తన గోడు చెప్పుకున్నాడు.

"ముందైతే రాత్రంతా నన్ను కుట్టేదిరా. కుడితే ఏముంది, కుట్టించుకుని పడి ఉండేవాణ్ణి. ఇప్పుడు తన్నుతోంది."

"కాస్త పక్కకి జరిగి పడుకో బాబాయ్."

"జరిగాన్రా. జరిగాను, జరిగాను, ఇంక అవతల మంచం లేదు."

అంటున్నాడే గానీ, ఆ మొహంలో ఎక్కడా ఫిర్యాదు లేదు.